మంద లెక్క, జాతి లెక్క

పాడి యెంత యున్నదో యెఱుగుట గృహిణికెంత యవసరమో రాజ్యమునకును నంతే యవసరము. విరాటపర్వమున సహదేవుడు విరాటుని కొలువునకు బోయి, తాను ధర్మరాజు గోవులను లెక్కించినవాడనని చెప్పికొనెను. దుర్యోధనుడు ఘోషయాత్రకు బోయినది పాండవులను పరిహసించుటకే యైనను, పైకి చెప్పిన మిష మందల లెక్కయే. కౌటిల్యుడు అర్థశాస్త్రమున, గోధ్యక్షుడు పశువుల సంఖ్యతోపాటు వాని గుర్తులు, వన్నె, కొమ్ముల తీరు కూడ వ్రాసియుంచవలెనని విధించెను. తలలు లెక్కించిన చాలదు. ఏ తల యెట్టిదో తెలియవలెను. ఈ మాట నేటికిని చెప్పికొనదగినదని మేము తలంచుచున్నాము.

మన దేశమున పశుగణన 1919వ సంవత్సరమున మొదలయ్యెను. ఇంచుమించుగా నైదేండ్లకొకసారి జరుగుచున్నది. 2019 నాటి 20వ గణనలో ఆవులు, ఎద్దులు కలిసి సుమారు 19 కోట్ల 25 లక్షలుగా తేలినవి. 2012 నాటి లెక్కకంటె నిది కొంచెము హెచ్చు. కాని యా యంకెను విడదీసి చూచితిమేని, విదేశపు జాతులును సంకరజాతులును నూటికి దాదాపు 27 వంతున పెరుగగా, దేశవాళి పశువులు నూటికి 6 వంతున తగ్గినవి. మొత్తము చూచి సంతసించువారికి ఈ తరుగు కానరాదు.

గొఱ్ఱెల సంగతి మఱింత చిత్రము. అదే గణనలో సుమారు 1 కోటి 90 లక్షల గొఱ్ఱెలతో మన తెలంగాణము దేశమున మొదటి స్థానమందెను. 2017లో ప్రభుత్వము ఒక్కొక్క కుటుంబమునకు 20 గొఱ్ఱెలు, 1 పొట్టేలు చొప్పున పంచ నారంభించుట దీనికొక కారణము. ఆ గొఱ్ఱెలను ఇరుగుపొరుగు రాష్ట్రములనుండి కొని తెచ్చిరి. మా టేక్మాల్ మొదలుగాగల మెదక్ సీమకు సొంతమైనది దక్కనీ గొఱ్ఱె, అనగా నల్లయున్ని గొఱ్ఱె. అది యెండకును కఱవునకును నోర్చి క్రోసులకొలది నడచును. ఏటికి రెండుమార్లు కత్తిరించిన యున్నిని కురుమయింటి స్త్రీలు వడకుదురు; నూలుకు చింతగింజల గంజి పెట్టి మగ్గమున గొంగడి నేయుదురు. అది వానకు గొడుగు, చలికి దుప్పటి, పొలమున పఱపు.

ఉన్నికి వెల పడిపోయెను. మాంసమునకు వెల హెచ్చెను. అందుచే కాపరులు త్వరగా బరువెక్కు నెల్లూరు పొట్టేలును మందలో విడిచిరి. నెల్లూరు జాతికి ఒడలిపై వెండ్రుకలే గాని యున్ని లేదు. తరము తరమునకు పిల్లల యున్ని పలుచబడును. మందలో నొక తలయు తగ్గదు. జాతి మాత్రము మాయమగును. కాపరిని నిందింపరాదు, వాని బిడ్డలకు కూడు కావలెను గదా. గొంగడికి గిట్టుబాటు ధర దొరకినచో నల్లగొఱ్ఱె తానే నిలుచును.

జాతి యెప్పు డపాయమున బడినదని యెఱుగుట కొక కొలత గలదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వారి లెక్కలో, ఈనదగిన యాడువి 1000కి గాని, విత్తనపు పోతులు 20కి గాని మించకున్న ఆ జాతి యపాయమున నున్నట్లే. ఆడువి 100కి గాని, పోతులు 5కి గాని మించకున్న కడు సంకటము. పోతులను వేఱుగా లెక్కించుట యేల యన, ఒక్క పొట్టేలే మందకెల్ల తండ్రియైనచో నెత్తురు దగ్గఱపడి పిల్లలు బలహీనములగును. తరతరములుగ మేనరికములే జరిగిన యిండ్లలోని కష్టము మన మెఱుగనిది కాదు.

21వ పశుగణన 2024 అక్టోబరు 25వ తేదీన ప్రారంభమయ్యెను. అందు గుర్తింపు పొందిన 219 దేశవాళి జాతులను పేరు పేరున అడుగ నిర్ణయించిరి. పశుపోషణలో ముఖ్యముగ పాటుపడువారు పురుషులో స్త్రీలో కూడ వ్రాయ నేర్పరచిరి. ఇది మనకు మర్యాదయే గాక బాధ్యతయు నగును. లెక్కవారు వచ్చువేళకు మగవారు పొలమున నుందురు. బదులు చెప్పవలసినది మనమే. ‘ఏ జాతి?’ యని యడిగిన ‘నాటుది’ యని ఊరకొన్నచో, అది పేరులేని పశువుల వరుసలో చేరిపోవును. నల్లమల పొడతూర్పు ఆవునకు కర్నాలునందలి జాతీయ సంస్థవారి గుర్తింపు ఇటీవలి యేండ్లలోనే లభించెను. అంతవఱకు దాని గతియు నిదియే.

పాలపద్దు, చాకలిపద్దు వ్రాసికొను మనకు మఱియొక పద్దు బరువు కాదు. ఏటేట సంక్రాంతినాడు ఇంటి పశువుల జాతి, ఆడువి యెన్ని, పోతులెన్ని, పుట్టినవెన్ని, అమ్మినవెన్ని యని నాలుగు పంక్తులు వ్రాయుడు. చదువురాని పొరుగింటి కురుమవదినకు మనమే వ్రాసిపెట్టుదము. బడిపిల్లలచేత ఊరి మందల లెక్క యిట్లే వ్రాయింపవచ్చునని మావారును అనుచున్నారు. నాలుగైదేండ్ల పద్దులు పక్కపక్కన నుంచి చూచిన, ఏ జాతి తఱుగుచున్నదో మనకే తెలియును. పొట్టేళ్లు రెండు మూడు మిగిలియుండగనే తెలిసినచో చేయదగినది చేయవచ్చును.