పురుగులకు శని, ఆదివారాలు

మీ ఫోను ఒకసారి తీయండి. అమెరికాలో అబ్బాయో అమ్మాయో ఉంటే, అందులో హార్స్‌షూ బెండ్ ఫొటో ఉండే ఉంటుంది. ఆరిజోనాలో పేజ్ అనే ఊరి పక్కన, వెయ్యడుగుల లోతున, కొలరాడో నది గుర్రపు నాడాలా వంపు తిరిగే చోటు. అక్కడిదాకా వెళ్ళిన మనవాళ్ళు ఫొటో దిగకుండా రారు. నేనూ దిగాను, మా ఆవిడ "అంచు దగ్గరికి పోకండి" అని కేకలేస్తుండగా.

ఆ ఫొటో పెద్దది చేసి చూస్తే నీళ్ళ మీద చీమంత పడవొకటి కనిపించింది. "ట్రౌట్ చేపకి గాలమేసేవాళ్ళు నాన్నా" అన్నాడు మావాడు. గోదావరి గట్టున పుట్టినవాణ్ణి, చేప మాట వినిపించాక ఊరుకుంటానా? వాణ్ణి పోరి మర్నాడు లీస్ ఫెర్రీ రేవుకి తీసుకెళ్ళమన్నాను.

రేవులో ఒకాయన ఈకలూ దారాలతో ఈగలా చుట్టిన గాలం విసిరి, మూరెడు చేపని పట్టాడు. మురిపెంగా చూసుకుని మళ్ళీ నీళ్ళలో వదిలేశాడు! నా ప్రాణం ఉసూరుమంది. చింతపులుసుకి సరిగ్గా సరిపోయే చేపండీ అది.

అసలు విచిత్రమేమిటంటే, ఆ చేపది ఆ ఊరే కాదు. వెనకటి కొలరాడో ఎర్రటి బురదనీటి నది, ఎండాకాలం దాదాపు 29 డిగ్రీలకి కాగేది. చల్లటి నీళ్ళు లేనిదే బతకని ట్రౌట్‌కి అక్కడేం పని? 1963లో పైన గ్లెన్ కాన్యన్ డ్యామ్ గేట్లు మూశారు. వెనక పావెల్ జలాశయం నిండాక, టర్బైన్లకి నీళ్ళు పైనుంచి కాక లోతునుంచి వెళ్ళసాగాయి. బురద జలాశయంలోనే దిగిపోయి, కిందికి తేట నీళ్ళు, పది డిగ్రీలకి కాస్త అటూ ఇటూ చల్లగా వచ్చాయి. 1964లో ట్రౌట్ పిల్లల్ని వదిలారు. డ్యామ్ నుంచి లీస్ ఫెర్రీ దాకా పదిహేను మైళ్ళు, ఎడారి నడుమ చలిదేశపు ఏరు తయారైంది. గైడ్లు, పడవలవాళ్ళు, దారిలో లాడ్జీలు, అందరికీ ఆ చేపే ఆధారం. కాకపోతే, ఆ వేడి బురదనీటినే నమ్ముకున్న హంప్‌బ్యాక్ చబ్ లాంటి స్థానిక చేపలకి అదే శాపమైంది. ఒకరి కూడు ఇంకొకరి గోడు అయింది.

గట్టు రాళ్ళ మీద ఒక తడి చార కనిపించి, ఇదేమిటని అడిగాను. "కరెంటు చార" అని నవ్వాడు గాలమాయన. సాయంత్రం జనం ఏసీలు వేస్తే డ్యామ్ ఎక్కువ నీళ్ళు వదిలి కరెంటు తీస్తుంది. రాత్రి వాళ్ళు నిద్రపోతే నదీ తగ్గుతుంది. పాపం, పురుగులకి ఈ టైంటేబుల్ తెలియదు. మునిమాపు వేళ నీటి అంచున రాళ్ళకి గుడ్లు అంటించి పోతాయి. తెల్లారేసరికి నీరు దిగుతుంది, గుడ్లు ఎండుతాయి. పురుగు లేకపోతే ట్రౌట్‌కి తిండేదీ?

2018లో ఒక ప్రయోగం చేశారు. మే నుంచి ఆగస్టు దాకా శని, ఆదివారాల్లో నీటిని తక్కువ మట్టంలో, ఎగుడుదిగుళ్ళు లేకుండా వదిలారు. ఆ రెండ్రోజులూ కరెంటు గిరాకీ ఎలాగూ తక్కువే. అడుగు మట్టం దగ్గర పెట్టిన గుడ్లు, సోమవారం నీళ్ళు పెరిగినా మునిగే ఉంటాయి గానీ ఎండవు. దీనికి "బగ్ ఫ్లోస్" అని పేరు. అంటే ఆఫీసు బాబులతోపాటు పురుగులకీ వారాంతపు సెలవన్నమాట!

అంతలో కరువొచ్చి పడింది. 2022లో జలాశయం నాలుగో వంతుకి పడిపోయింది. పైపొరల వెచ్చటి నీరు టర్బైన్ల ముఖం దాకా దిగింది. కింద నది ఇరవై డిగ్రీలు దాటింది. ట్రౌట్ ఉక్కిరిబిక్కిరైంది. ఆ వెచ్చటి నీటితోపాటే స్మాల్‌మౌత్ బాస్ అనే తిండిపోతు చేప కిందికి జారింది. అది స్థానిక చేపల్నీ మింగుతుంది. 2024లో జులై నుంచి నవంబరు దాకా, ఇంకా లోతునున్న వేరే గొట్టాల గుండా చల్లటి నీళ్ళు వదిలి దాన్ని అదుపు చేశారు. ఆ గొట్టాలకి టర్బైన్లు లేవు, కాబట్టి అంత కరెంటూ పోయినట్టే. చబ్‌ని కాపాడాలని ట్రౌట్‌ని తరిమినవాళ్ళూ, ట్రౌట్‌నే నమ్ముకున్నవాళ్ళూ ఈసారి ఒకే చల్లటి నీటి కోసం చేతులు చాచారు.

నాకు మన ధవళేశ్వరం గుర్తొచ్చింది. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది. పుస్తెలమ్మైనా తినాలనుకునే పులస, సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చి అక్కడే ఆగిపోతుంది. ఆ ఆనకట్ట పెట్టిన అన్నమే తిని పెరిగాను, తప్పుపట్టే నోరు నాకు లేదు. కానీ గేట్లెత్తుతుంటే చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు చూడ్డానికి పోయానో! ఏ వేళకి ఎత్తుతున్నారో చేపకి లెక్కుంటుందని ఒక్కనాడూ తట్టలేదు. అది చెప్పడానికి లీస్ ఫెర్రీ తడి చార కావలసివచ్చింది.

ఏదీ, మీ ఫొటో ఇంకాస్త పెద్దది చేయండి. పడవని వదిలేయండి, గట్టు రాళ్ళు చూడండి. చార కనిపిస్తోందా?