నా వెనక గోడ

ఎలక్ట్రానిక్స్ నేర్పే వీడియోలు ఏ భాషలోవి చూసినా, మనిషి నోరు విప్పకముందే ఆయన వెనకున్న గోడ మనతో మాట్లాడుతుంది. చిల్లుల బోర్డుకి వరుసగా తగిలించిన స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్లు, చిన్న చిన్న ప్లాస్టిక్ సొరుగుల నిండా రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఒక మూల గీతలు కదులుతుండే ఆసిలోస్కోప్, అంచుల వెంట నీలం లైటు. ఈ మనిషికి పని తెలుసని ఆ గోడ సాక్ష్యం చెబుతుంది. ఆ సాక్ష్యం విన్నాకే మనం ఆయన మాట వింటాం.

వంట వీడియోల్లోనూ గోడ ఉంటుంది. గరిటెలు, డబ్బాలు, స్టాండులో పళ్ళేలు. అవీ పనిముట్లే, అదీ పనిచోటే. కానీ ఆ గోడని ఎవరూ సాక్ష్యంగా చూడరు. ఆడదానికి వంట ఎలాగూ వస్తుందన్న నమ్మకం ముందే ఉంది కదా, ఇంక సాక్ష్యంతో పనేముంది? అందుకే మొదటిదాన్ని వర్క్‌షాప్ అంటాం, రెండోదాన్ని ఇల్లు అంటాం.

రామాయంపేటలో మా ఇంటి వెనకగదిలో తెలుగులో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చిత్రించాలని నేనూ మా అక్క కొడుకూ అనుకున్నప్పుడు, కెమెరా గురించీ డబ్బు గురించీ కన్నా ఎక్కువ మాట్లాడుకుంది ఈ గోడ గురించే. ఎల్ఈడీ బల్బు ఎందుకు పోతుంది, మల్టీమీటర్ ఎలా పట్టుకోవాలి, మిక్సీ మోటారులో కార్బన్ బ్రష్ ఎలా మార్చాలి, ఇలాంటివి చెప్పాలని నా ఆలోచన. నా దగ్గర డిప్లొమా చదివే ఆడపిల్లలు థియరీ గడగడా అప్పజెప్తారు, సోల్డరింగ్ ఐరన్ చేతికిస్తే వెనక్కి జరుగుతారు. వాళ్ళు ఇంట్లో కూర్చుని, మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పుకుని చూసుకునేలా ఉండాలి.

"ఎనకాల ఖాళీ గోడ ఉంటే ఎవ్వరు నమ్మరు చిన్నమ్మా" అన్నాడు పిల్లగాడు. వాడి మాటలో నిజం ఉంది. నాకది కొత్త నిజమూ కాదు. బాపు రేడియో రిపేరు షాపులో నేను ఆరో క్లాసు నుంచి పనిచేశాను. వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చి, అవీ పోయి టేప్‌రికార్డర్లు, పోర్టబుల్ టీవీలు వచ్చేదాకా ఆ బల్ల దగ్గరే పెరిగాను. బాపు సామాన్లకి హైదరాబాదు పోయినరోజు నేనే బల్లముందు కూర్చునేదాన్ని. చేతిలో వేడివేడి ఐరన్, ముందు విప్పిన సెట్టు, ముక్కుకి రోజిన్ పొగ. గిరాకీ వచ్చి నన్ను చూసి, నా తలమీదుగా లోపలికి చూసి, "మెకానిక్ లేడా బిడ్డా?" అని అడిగేవాళ్ళు. పని చేస్తున్న మనిషి కళ్ళముందే ఉంది, మెకానిక్ మాత్రం కనిపించడు. మరి బాపు వెనకా నా వెనకా ఉన్నది ఒకటే గోడ. ఆ గోడ బాపుకి సాక్ష్యం చెప్పేది, నా దగ్గరికొచ్చేసరికి మూగబోయేది.

అందుకని, గోడ నిండా పనిముట్లు పెడితే చాలు, ఆడమనిషిని నమ్మేస్తారని నేను అనుకోలేదు. అయినా గోడ లేకుండా వీడియో తియ్యలేం. కాబట్టి ముందు దాని సంగతే చూడాల్సి వచ్చింది.

మాది పదడుగుల చదరపు గది. ఒకప్పుడు మక్కల బస్తాలు వేసేవాళ్ళం. గోడలకి తెల్లసున్నం. ఆ గోడముందు కూర్చుని ఫోనుతో తీసి చూస్తే నా ముఖం మరీ నల్లగా, కళ్ళూ ముక్కూ కలిసిపోయినట్టు వచ్చింది. నేను చామనఛాయకంటే ఒక వన్నె ముదురు, నిజమే. కానీ అద్దంలో కనిపించే నేను అది కాదు. కారణం కెమెరా లెక్కలో ఉంది. ఆటోలో పెట్టిన కెమెరా ఫ్రేములో ఉన్నదంతా కలిపి సగటున మధ్యరకం బూడిదరంగు వెలుతురు అనుకుంటుంది. వెనక తెల్లగోడ ఎక్కువ జాగా ఆక్రమిస్తే, వెలుతురు ఎక్కువైందనుకుని బొమ్మ మొత్తాన్ని చీకటి చేస్తుంది. తెల్లవాళ్ళ ముఖం ఆ దెబ్బకి తట్టుకుంటుంది. మన ముఖం మునిగిపోతుంది. ఇది కొత్త కథ కాదు. కొడాక్ కంపెనీ ఫోటోల రంగు సరిచూసుకోవడానికి లాబులకి పంపిన కార్డులమీద దశాబ్దాలపాటు ఉన్నది తెల్లమ్మాయి బొమ్మే. ఆ కార్డుల పేరే షర్లీ కార్డులు. మొదటి మోడల్ పేరు షర్లీ అట. ఆమె చర్మం బాగా వస్తే రంగులన్నీ సరిగ్గా ఉన్నట్టు లెక్క. నల్లటి చర్మాలవాళ్ళనీ కలిపి కార్డులు తయారుచేయడం 1990లలోగాని జరగలేదు.

ఫోటో స్టూడియోలో "కొంచెం పౌడర్ రాసుకోమ్మా" అనిపించుకోని నల్లపిల్ల మనలో ఎవరైనా ఉన్నారా? పౌడర్ రాయాల్సింది ముఖానికి కాదనీ, మార్చాల్సింది వెనకున్న పరదా అనీ ఎవరూ చెప్పలేదు మనకి.

గోడకి బూడిద కలిసిన ముదురు నీలం డిస్టెంపర్ వేయించాను. మెరుపు లేనిది, అంటే వెలుతురు తిప్పికొట్టనిది. బల్లని గోడకి నాలుగడుగులు ముందుకి జరిపాం, నా నీడ వెనక గోడమీద పడకుండా. లైట్ల దగ్గర ఇంకో చిక్కు. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి పాతరకం ట్యూబులైటు, చవక ఎల్ఈడీ బల్బు సెకనుకి వంద సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. బొమ్మమీద నల్లపట్టీలు పాకుతాయి. షట్టర్‌ని సెకనులో యాభయ్యో వంతుకో నూరో వంతుకో కట్టేస్తే పోతాయి. పసుపు వెలుతురు బల్బులు పూర్తిగా తీసేశాను. 220 ఓమ్‌ల రెసిస్టర్ మీద ఎరుపు, ఎరుపు, బ్రౌన్ గీతలుంటాయి. 330 మీద నారింజ, నారింజ, బ్రౌన్. పసుపు వెలుతురులో ఎరుపుకీ నారింజకీ తేడా తెలీక, చూసి నేర్చుకునే పిల్ల తప్పు ముక్క పెడుతుంది. తప్పు వెలుతురుదైనా "నాకు రాదు" అనుకునేది ఆ పిల్లే.

ఇక గోడమీద ఏముండాలి?

చిల్లుల బోర్డు పెడదామని పిల్లగాడు ఉబలాటపడ్డాడు. అది మగవాళ్ళ షెడ్డు గుర్తు అని నాకు కాస్త జంకు. కానీ ఆ బోర్డు కథ వెతికితే అది తిన్నగా వంటింటికే తీసుకెళ్ళింది. అమెరికాలో టీవీ వంటల గురువుగా పేరుపడ్డ జూలియా చైల్డ్ ఇంట్లో, కేంబ్రిడ్జి ఊళ్ళో, ఆమె భర్త పాల్ వంటింటి గోడకి చిల్లుల బోర్డు కొట్టి, ఒక్కో గిన్నె ఆకారం గీత గీసిపెట్టాడు. ఏది ఎక్కడ తగిలించాలో వెతుక్కోకుండా. 1990లలో ఆమె టీవీ కార్యక్రమాలు కొన్ని ఆ వంటింట్లోనే తీశారు. 2001లో ఆ వంటింటిని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి ఇచ్చేసింది. ఇవాళ అది వాషింగ్టన్‌లో, అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉంది. వంటిల్లు అక్కడ వర్క్‌షాపే. అలా పిలవడానికి మనకి నోరు రాదు, అంతే. బోర్డుమీద నా జంకు దాంతో తీరింది. వడ్రంగితో మూడడుగులు నాలుగడుగుల ప్లైవుడ్‌కి చిల్లులు పెట్టించాను.

మా కాలేజీలో సాహిత్యం చెప్పే స్నేహితురాలు బోర్డు చూసి ఒప్పుకోలేదు. "ఇందులో మన ఊరేదీ? మన ఆడవాళ్ళ పనేదీ? మీ అమ్మ బీడీల చాట తగిలించు, పక్కన తునికాకు కట్ట పెట్టు. చేతిపనికీ సర్క్యూట్‌కీ చుట్టరికం కనపడుతుంది" అంది. ఆమె మాట నన్ను చాలారోజులు పట్టుకుంది. మా అమ్మ ముప్పై ఏళ్ళు బీడీలు చేసింది. ఇప్పటికీ మా వాడలో ఆడవాళ్ళు గడపలో వెలుతురు పడేచోట కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని, వెయ్యికింత లెక్కన బీడీలు చుడుతుంటారు. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం, అన్నీ ఆ ఒళ్ళోనే. ఆమె వర్క్‌షాప్ వైశాల్యం ఒక చాటంత. దాని వెనక గోడ లేదు, బోర్డు లేదు. నిజంగా తగిలించాలనిపించింది.

కానీ అప్పటికే నేను షిప్‌రాక్ గురించి చదివి ఉన్నాను. 1965లో ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ కంపెనీ అమెరికాలోని నవాహో ఆదివాసుల ప్రాంతంలో, షిప్‌రాక్ అనే చోట ఫ్యాక్టరీ మొదలుపెట్టింది. చిప్‌లు తయారుచేసిన పనివాళ్ళలో ఎక్కువమంది నవాహో స్త్రీలు. 1969లో కంపెనీ వేసిన పుస్తకంలో ఆ స్త్రీలు నేసే గళ్ళ దుప్పటి బొమ్మ, చిప్ బొమ్మ జోడించి చూపించారు. నేతపని తెలిసిన వేళ్ళు కాబట్టి సర్క్యూట్ పని వాళ్ళకి పుట్టుకతో వచ్చినట్టే అని అర్థం వచ్చేలా. లీసా నకమూరా అనే పరిశోధకురాలు 2014లో దీనిమీద మంచి వ్యాసం రాసింది. పుట్టుకతో వచ్చినదానికి నేర్పు అని పేరుండదు, నేర్పు కానిదానికి జీతం పెరగదు. ఆ ఫ్యాక్టరీ 1975లో మూతపడింది. దుప్పటి బొమ్మ మాత్రం ఎంత అందంగా ఉంటుందో!

అమ్మ చాటని నా వెనక అలంకారంగా తగిలిస్తే నేను చేసేదీ అలాంటిదే అవుతుందేమో అనిపించింది. అమ్మ వేళ్ళ వేగం పుట్టుకతో రాలేదు. ఎనిమిదో ఏట నుంచి దెబ్బలు తిని నేర్చుకుంది. నా సోల్డరింగ్ అమ్మ వేళ్ళనుంచి రాలేదు. ట్రాన్సిస్టర్ కాళ్ళు మాడ్చి, బాపుతో తిట్లు తిని నేర్చుకున్నాను. రెండూ నేర్చుకున్న పనులే. వాటి చుట్టరికం అక్కడుంది, చేతుల సున్నితత్వంలో లేదు. ఇదంతా అమ్మకి చెప్తే, "గోడకేం దెల్సే పని? చేతులు సూపియ్యి" అని మళ్ళీ చాట ముందుకి జరుపుకుంది.

చేతులు చూపించడంలోనూ ఒక పేచీ ఉంది. సర్క్యూట్ స్పష్టంగా కనిపించాలంటే కెమెరా నెత్తిమీదుండి కిందకి చూడాలి. మన పాత మెదక్ జిల్లాలోనే, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు కెమెరాలు పట్టి సినిమాలు తీశారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ పెట్టుకున్నారు, 2008 అక్టోబర్ 15న మాచునూరులో సంఘం రేడియో మొదలుపెట్టారు. ఇంగ్లీషు పుస్తకాల్లోని షాట్ల పేర్లు వదిలేసి వాళ్ళు తమ బతుకులోంచి పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందకి చూసేది పటేల్ షాట్. కుర్చీలో కూర్చున్న పటేలు నేలమీది మనిషిని చూసే చూపు. కళ్ళకి కళ్ళు సమానంగా చూసేది సంఘం షాట్. ఏ ఫిల్మ్ స్కూలూ చెప్పని రాజకీయం ఆ రెండు పేర్లలో ఉంది.

మరి నెత్తిమీది కెమెరా నా చేతులని పటేలులాగా చూడదా? స్టాండుని ముందుకీ వెనక్కీ జరిపి చాలా తంటాలు పడ్డాం. చివరికి కెమెరాని నా కుడిభుజం మీదుగా, నా కళ్ళ ఎత్తున నిలబెట్టాం. ఇప్పుడు అది కిందకే చూస్తుంది, కానీ నేను చూసినట్టు చూస్తుంది. ఐరన్ మొన, తీగె, కరిగి మెరిసే సీసం అన్నీ, పనిచేసే మనిషికి ఎలా కనపడతాయో అలాగే చూసే పిల్లకీ కనపడతాయి. వీడియోలో సగంపైన ఈ షాటే. ఇందులో వెనక గోడ అసలు ఉండదు. మొదటా చివరా నేను సమానంగా కళ్ళలోకి చూస్తూ మాట్లాడేటప్పుడే గోడ కనిపిస్తుంది.

ఆ గోడమీద ఇప్పుడు నేను రోజూ వాడేవే ఉన్నాయి. రెండు స్క్రూడ్రైవర్లు, ముక్కు ప్లేయర్, 25 వాట్ల ఐరన్, దాని స్టాండు, మల్టీమీటర్, బాపు వాడిన టెస్టర్. వాడనిది ఒక్కటీ లేదు. ఆసిలోస్కోప్ నాకు లేదు, అందుకని గోడమీదా లేదు. చాట అమ్మ ఒళ్ళోనే ఉంది. పాల్ చైల్డ్ చేసినట్టే ప్రతి వస్తువు చుట్టూ తెల్లపెయింటుతో ఆకారం గీశాను.

ఈమధ్య తీసిన రెండు వీడియోల్లో మల్టీమీటర్ ఉండాల్సినచోట ఉత్త తెల్లగీత మాత్రమే ఉంటుంది. ఫ్రేము బోసిగా ఉంది, ఏదన్నా తగిలిద్దామన్నాడు పిల్లగాడు. వద్దన్నాను. పక్కవాడ నుంచి డిప్లొమా రెండో సంవత్సరం అమ్మాయి వచ్చి, వాళ్ళింట్లో చెడిపోయిన ఇన్వర్టర్ చూసుకోవాలని దాన్ని తీసుకుపోయింది. పని అయ్యాక తెచ్చి తనే తగిలిస్తుంది, ఎక్కడ తగిలించాలో గీత ఉంది కదా.