గోడను చూసి డ్రిల్ కొనాలి

ఇంట్లో అప్పుడప్పుడు గోడకో గ్రిల్లుకో రంధ్రం పెట్టుకోవడానికి డ్రిల్ మిషన్ కొనేవాళ్లు ముందు వాట్లు చూస్తారు. గోడ విషయంలో వాట్లకన్నా దెబ్బ ఎలా పుడుతుందన్నదే ముఖ్యం. మామూలు ఇంపాక్ట్ డ్రిల్లులో పళ్లున్న రెండు బిళ్లలు ఒకదానిమీద ఒకటి ఎక్కి దిగుతూ దెబ్బ పుట్టిస్తాయి. ఆ దెబ్బలు నిమిషానికి 40 వేలకు పైగా పడగలవు గానీ ఒక్కోటీ చిన్నది, మన చేయి ఎంత ఒత్తితే అంత. రోటరీ హ్యామర్‌లో పిస్టన్ గాలిని నొక్కి, ఆ ఒత్తిడితో బిట్టు వెనక కొట్టిస్తుంది. నిమిషానికి పడేవి నాలుగైదు వేల దెబ్బలే అయినా ఒక్కోటీ బరువైనది. అందుకే కాంక్రీటులో ఇంపాక్ట్ డ్రిల్లు మొరాయించే చోట అంతే వాట్ల హ్యామర్ సులువుగా దిగుతుంది.

అలాగని అందరికీ హ్యామర్ అక్కర్లేదు. ఇటుక గోడకు ఇంపాక్ట్ డ్రిల్లు చాలు. మెత్తటి ఏఏసీ బ్లాకుకైతే దెబ్బ ఆపేసి ఉత్తినే తిప్పాలి, లేదంటే రంధ్రం వదులై ప్లగ్గు నిలవదు. ఇనుముకు కావలసింది దెబ్బ కాదు, నిలకడ. మామూలు ఇనుములో 6 మిల్లీమీటర్ల రంధ్రానికి నిమిషానికి సుమారు 1300 చుట్లు, 10 మిల్లీమీటర్లకు 800 సరిపోతాయి. స్టెయిన్‌లెస్ స్టీలుకు అందులో సగమే, పైన చుక్క నూనె. వేగంగా తిప్పితే వేడికి బిట్టు మొన చచ్చిపోతుంది. ఇనుము కోసం హ్యామర్‌కు అడాప్టర్‌తో మామూలు బిట్టు పట్టే చక్ తగిలించవచ్చు గానీ బిట్టు కాస్త ఊగుతుంది, చేతికి బరువూ ఎక్కువే. గోడ, ఇనుము రెండు పనులూ చేయాల్సిన ఇంటికి 13 మిల్లీమీటర్ల చక్, వేగం అదుపు, దెబ్బ ఆపే మీట ఉన్న ఇంపాక్ట్ డ్రిల్లే తగినది.

కర్టెన్ రాడ్డు బిగించేది కిటికీ పైన లింటెల్‌లోనే, అది కాంక్రీటే కదా అనవచ్చు. నిజమే. కానీ 6, 8 మిల్లీమీటర్ల రంధ్రాలు ఒకటి రెండయితే, కొత్త కార్బైడ్ మొన బిట్టుతో, ముందు సన్నగా వేసి తర్వాత ఓపికగా వెడల్పు చేస్తే దిగుతాయి. బిట్టు కాంక్రీటులోని ఇనుప చువ్వకు తగిలి ఆగిపోతే దాన్ని కొయ్యకుండా పక్కకు జరగాలి. హైదరాబాద్‌లో అల్యూమినియం ఫార్మ్‌వర్క్‌తో కట్టిన కొత్త టవర్లలో మాత్రం గోడలు చాలావరకు కాంక్రీటే. అక్కడ ఈ సలహా తిరగబడుతుంది: ఎస్‌డీఎస్ ప్లస్ బిట్లు పట్టే చిన్న రోటరీ హ్యామర్ కొనుక్కోవాలి, ఇనుము కోసం చక్ విడిగా మార్చుకునే మోడల్ అయితే మరీ మేలు. బ్యాటరీ డ్రిల్లు తేలికే, కానీ నెలల తరబడి మూలన పడుండే బ్యాటరీ అవసరానికి ఖాళీగా దొరకవచ్చు, కొన్నేళ్లకు మార్చాల్సీ వస్తుంది. అరుదుగా తీసేవారికి వైరున్నదే నమ్మకం. దానివల్ల మిగిలే డబ్బు గోడకు మంచి కార్బైడ్, ఇనుముకు హెచ్ఎస్ఎస్ బిట్లకూ కళ్లద్దాలకూ పెట్టాలి. గోడనూ ఇనుమునూ తొలిచేది చివరికి ఆ మొనే గనుక, మొద్దు బిట్టుతో ఎంత ఖరీదైన మిషనైనా చేయగలిగింది తక్కువ.