మగతనానికి మందు

మా వైపు మందు అంటే మూడు. పత్తికి కొట్టేది మందు, బ్రాందీ షాపులో అమ్మేది మందు, జ్వరమొస్తే మింగేది మందు. "మా ఆయన మందు కొట్టొచ్చి పడుకున్నాడు" అని ఒకావిడ అంటే, అందులో ఉన్నది జాలో కోపమో ఆ మందు ఏదో తెలిస్తేగానీ తెలీదు. నాలుగో మందు ఇంకోటుంది. దాని గురించి ఎవరూ నోరు విప్పరు, గోడల మీద చదువుకుంటారు. బస్టాండు మరుగుదొడ్ల గోడల మీద, కరెంటు స్తంభాల మీద, "నరాల బలహీనత, మగతనం" అని పెద్ద అక్షరాలు. కింద ఒక లాడ్జి పేరు, రూము నంబరు, డాక్టరు గారు నెలలో ఏ తారీఖున దొరుకుతారో ఆ తారీఖు.

ముప్పై ఒకటో ఏట నాకు ఆ నాలుగో మందుతో పనిపడింది. లాడ్జిలో కాదు, గచ్చిబౌలిలో.

పెళ్లయి రెండేళ్లు దాటింది. మధ్యాహ్నం మీటింగుల్లో కళ్లు మూతలు పడేవి. బరువు 94కి చేరింది. రాత్రిళ్లు పక్కన మనిషి ఉన్నా మనసు అటు పోయేది కాదు. పని ఒత్తిడి అనుకున్నాం ఇద్దరం. ఆఫీసువాళ్లు చేయించిన రక్త పరీక్షల్లో టెస్టోస్టిరాన్ 210 అని వచ్చింది. పక్కన కిందికి ఒక బాణం గుర్తు. ఆ బాణాన్ని చూసినంత సేపు నేను ఏ ఇంక్రిమెంట్ లెటర్నీ చూసి ఉండను.

మొదట చూపించింది జిమ్‌లో ట్రైనర్‌కి. "అన్నా, వారానికో ఇంజక్షన్ చాలు. మూడు నెలల్లో సింహమైపోతావ్" అన్నాడు. అతను చెప్పింది పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఆ ఇంజక్షన్‌తో హుషారు వస్తుంది, కండ వస్తుంది, కోరిక వస్తుంది. ఇంకొకటి పోతుందన్న సంగతి అతనికి తెలీదు.

తర్వాత వెళ్లిన హార్మోన్ల డాక్టరుగారు రిపోర్టు చదవకముందే అడిగారు: "పిల్లలు కావాలా?" కావాలన్నాను. "అయితే ఆ ఇంజక్షన్ జోలికి వెళ్లొద్దు."

ఎందుకో ఆవిడ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. మెదడు కింద పిట్యూటరీ అనే చిన్న గ్రంథి ఉంటుంది. అది ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లని కిందికి పంపిస్తుంది. ఎల్‌హెచ్ వెళ్లి వృషణాలతో టెస్టోస్టిరాన్ తయారుచేయిస్తుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ వీర్యకణాల పని చూస్తుంది. బయటనుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే మెదడు "సరుకు నిండుగా ఉంది" అనుకుని ఆ రెండింటినీ ఆపేస్తుంది. రక్తంలో టెస్టోస్టిరాన్ పెరుగుతుంది, వృషణాల లోపల పడిపోతుంది. వీర్యకణాలు తయారవ్వాలంటే లోపల రక్తంలోకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాలి. కాలవ నిండా నీళ్లు పారుతుంటే మన బోరు మోటారు కట్టేసినట్టు. చేను తడుస్తున్నట్టే కనిపిస్తుంది, బోరు మాత్రం పూడిపోతుంటుంది.

ఇంటికొచ్చి చదివితే ఇంకా విచిత్రంగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడు దేశాల్లో 271 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకి వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ ఇచ్చి పరీక్షించింది. ఆ ఫలితాలు 1990లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. పరీక్షించింది దేనికో తెలుసా? మగవాళ్లకి గర్భనిరోధకంగా పనికొస్తుందేమోనని! పనికొచ్చింది కూడా. వీర్యకణాలు పూర్తిగా ఆగిపోయిన 157 మంది ఏడాదిపాటు దానిమీదే ఆధారపడితే ఒకే ఒక్క గర్భం వచ్చింది. మానేశాక చాలామందికి కణాలు తిరిగొస్తాయి, కానీ నెలలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. అంటే జిమ్‌లో నాకు మగతనం పేరుతో ఇవ్వబోయింది కుటుంబ నియంత్రణ.

తప్పు ట్రైనర్‌ది అనుకోను, మాటది. రక్తంలో హార్మోను, పడకగది, తండ్రి కావడం, మూడింటినీ కలిపి మగతనం అనే ఒక్క మూటలో కట్టేశాం. లోపల అవి వేరువేరు. ఒకటి పెంచబోతే ఇంకోటి పోవచ్చు. మూట విప్పి చూడనివాడికి ఆ సంగతి తెలిసే దారి లేదు.

ఉదయం పరగడుపున ఇంకోసారి పరీక్ష చేయించారు. టెస్టోస్టిరాన్ పొద్దున్నే ఎక్కువుంటుంది కాబట్టి ఒక్క పరీక్షతో, అదీ మధ్యాహ్నం రక్తంతో, తేల్చకూడదట. 224 వచ్చింది. అమెరికా యూరాలజీ వైద్యుల సంఘం పెట్టిన గీత 300. ఎల్‌హెచ్ కూడా తక్కువే ఉంది. అది ఒకరకంగా మంచి వార్త అన్నారు డాక్టరుగారు. వృషణాలు చెడిపోయి ఉంటే మెదడు ఇంకా గట్టిగా అరిచేది, ఎల్‌హెచ్ పెరిగేది. నాలో అరవాల్సిందే నిద్రపోతోంది. లేపితే చాలు.

లేపడానికి రాసిచ్చింది క్లోమిఫిన్. మందుల షాపు కుర్రాడు చీటీ చూసి, "మేడంకా సార్?" అన్నాడు. తప్పేం లేదు. 1967 నుంచీ అది అండం విడుదల కావడానికి ఆడవాళ్లకి ఇస్తున్న మాత్ర. మెదడుకి ఈస్ట్రోజెన్ కనపడకుండా అడ్డుపడుతుంది, దాంతో మెదడు కంగారుపడి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పెంచుతుంది. మగవాళ్లకి దీన్ని అధికారిక అనుమతి లేకుండానే, డాక్టర్లు తమ అనుభవంతో వాడతారు. ఇది చాలకపోతే హెచ్‌సీజీ ఇంజక్షన్లు ఉన్నాయి, అవి ఎల్‌హెచ్ పనిని తామే చేస్తాయి. గర్భిణి మూత్రంలో ఉండే హార్మోను అది, ప్రెగ్నెన్సీ కార్డు మీద రెండో గీత పడేది దానివల్లే. బాగా లావున్నవాళ్లలో కొవ్వు టెస్టోస్టిరాన్‌ని ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తుంటే, ఆపడానికి లెట్రోజోల్ లాంటివి ఇస్తారు. అదీ ఆడవాళ్ల వార్డు నుంచి వచ్చిందే. వీటన్నిటికంటే ముందు బరువు తగ్గడం, నిద్ర. గోడల మీది సింహం, గుర్రం బొమ్మలు గుర్తొచ్చి నవ్వొచ్చింది. నా మగతనం ప్రసూతి వార్డు అప్పు.

వీర్య పరీక్షలో మిల్లీలీటరుకి 70 లక్షలు వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింది గీత కోటీ అరవై లక్షలు.

సంక్రాంతికి ఊరెళ్లాం. పర్చూరు దగ్గర మా పల్లె. కళ్లంలో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. మేనత్త నా భార్యని పక్కకి పిలిచి, "ఏమ్మా, విశేషం ఏమన్నా ఉందా?" అంది. నన్నెవరూ అడగలేదు. పిల్లలు పుట్టని ఆడదానికి మన భాషలో గొడ్రాలు అనే మాట సిద్ధంగా ఉంది. మగవాడికి అలాంటి మాట ఊళ్లో నేనెప్పుడూ వినలేదు. మాట లేదు కాబట్టి ఆ జబ్బే లేదు. తను నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు నాకు బాకీ.

ఆ రాత్రి నాన్నతో చెప్పేశాను, అంకెలతో సహా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీకంటే ముందు మీ అమ్మకి రెండు పోయినయ్యిరా" అన్నాడు. "అంతా ఆమె ఒంట్లో వేడన్నారు. నేను ఆ రోజుల్లో పత్తికి మందు కొట్టేవాణ్ణి. ఒంటిమీద చొక్కా కూడా ఉండేది కాదు."

1987-88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టేసిన కాలం నాన్నకి బాగా తెలుసు. ఎంత కొట్టినా పురుగు చావలేదు, అప్పులు మిగిలాయి, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో చాలామంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆయనకి తెలియనిది ఇంకోటి నేను చెప్పాను. 1991లో ఉస్మానియా యూనివర్సిటీ జన్యుశాస్త్రవేత్తలు రూప, పి.పి. రెడ్డి, ఓ.ఎస్. రెడ్డి మన చేల గురించే ఒక పరిశోధన అచ్చేశారు. పత్తికి మందు కొట్టే మగవాళ్లున్న వెయ్యికి పైగా జంటల్ని, మందు సోకని జంటలతో పోల్చి చూశారు. మందు కొట్టేవాళ్లలో సంతానశక్తి తగ్గింది. వాళ్ల భార్యలకి గర్భస్రావాలు, చనిపోయి పుట్టిన బిడ్డలు ఎక్కువ. మందు పడింది మగవాళ్ల ఒంటిమీద. లెక్క తేలింది ఆడవాళ్ల కడుపులో.

2003లో కాసరగోడ్ మగపిల్లల మీద అహ్మదాబాద్ జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ చేసిన అధ్యయనం కూడా చెప్పాను. జీడితోటల మీద ఎండోసల్ఫాన్ చల్లిన ఊళ్లో పిల్లలకి యుక్తవయసు ఆలస్యమైంది, టెస్టోస్టిరాన్ వయసుకి తగ్గట్టు లేదు. సుప్రీంకోర్టు 2011లో దాన్ని ఆపించింది. అంతకుముందు అది మా పత్తి చేలకీ తెలిసిన మందే.

నా 210కి ఆ చేలే కారణమా? డాక్టరుగారిని అడిగాను. ఒక మనిషి రక్తం చూసి అది చెప్పలేమన్నారు. నా బరువు, నా కుర్చీ, నా నిద్ర కూడా ఉన్నాయి కదా. వెయ్యి జంటల్ని పక్కపక్కన పెడితే కనిపించేది ఒక్క జంటలో కనపడదు.

అందుకే కాలిఫోర్నియాలో లేత్రాప్ అనే ఊరు నాకు ఇష్టం. అక్కడి పురుగుమందుల ఫ్యాక్టరీలో డీబీసీపీ అనే మందు కలిపేవాళ్లు. 1977లో ఆ కార్మికులు తమలో తాము మాట్లాడుకుంటూ, తమలో చాలామందికి పిల్లలు పుట్టడం లేదని గమనించారు. పరీక్ష చేయించుకుంటే కొందరిలో వీర్యకణాలే లేవు. ఆ తర్వాతే ఆ మందు మీద ఆంక్షలు వచ్చాయి. మనుషుల్లో మొదట పసిగట్టింది ఏ ప్రయోగశాలా కాదు. సిగ్గు పక్కనపెట్టి ఒకరికొకరు చెప్పుకున్న మగవాళ్లు.

ఆరు నెలలయింది. బరువు 83. టెస్టోస్టిరాన్ 430. వీర్యకణం తయారవడానికే రెండున్నర నెలలు పడుతుంది, కాబట్టి తొందరపడి లాభం లేదు. మొన్నటి పరీక్షలో కోటీ నలభై లక్షలు. గీత ఇంకా దాటలేదు. దాటినా బిడ్డ పుడుతుందని హామీ ఏమీ లేదు.

పోయిన వారం మేనత్త ఫోన్ చేసి మళ్లీ విశేషం అడిగింది. నాన్న ఫోన్ తీసుకుని, "అడగాల్సింది ఆ పిల్లని కాదక్కా, మావాడు మందు వాడుతున్నాడు" అన్నాడు. అటువైపు నుంచి ఏ మందని అడిగినట్టున్నారు. నాన్న వివరంగా చెప్పడం మొదలుపెట్టాడు.