ఏ గ్రూపు తీసుకున్నవ్?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బస్టాండుల్లో ఏ ఇద్దరు చుట్టాలు కలిసినా పిల్లల్ని అడిగే మాట ఒకటే: ఏ గ్రూపు తీసుకున్నవ్? ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ. ఈ పొడి అక్షరాల ముడుల్లో ఒకదాన్ని పదిహేనేళ్ల పిల్ల ఎంచుకోవాలి. ఎంచుకుంటుందని పేరే గానీ, తేల్చేది వచ్చిన మార్కులు, ఇంటికొచ్చిన కాలేజీ పీఆర్వో, మేనమామ. ఉమ్మడి రాష్ట్రంలో 1969-70లో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చిన నాటి నుంచి ఈ ముడి అలాగే బిగిసి ఉంది. బైపీసీ పిల్లకు లెక్కలు రావు, ఎంపీసీ పిల్లవాడికి మొక్కల సంగతి అక్కర్లేదు, హెచ్ఈసీ వాళ్లకు రెండూ ఎక్కవు అన్నది ఏ బోర్డూ రాసిన నియమం కాదు; ఇళ్లలో స్థిరపడిన నమ్మకం. డిగ్రీకి వచ్చేసరికి ఆన్‌లైన్ ప్రవేశాల ‘దోస్త్’ జాబితాలో సబ్జెక్టుల కలయికలు మునుపటికంటే ఎక్కువే కనిపిస్తాయి, కానీ జాబితాలో ఉన్న సబ్జెక్టును చెప్పే మనిషి ఊళ్లో ఉండాలి కదా. ఈ ఊళ్లలో ఉంటూనే విడిగా ఒక్కొక్క విశ్వవిద్యాలయ కోర్సును, అదీ తన గ్రూపుది కానిదాన్ని, ఆన్‌లైన్‌లో చదవడం కాలక్షేపం కాదనీ, ఈ ముడిని విప్పడానికి ఇవాళ చేతికందే సాధనం అదేననీ నా వాదన.

ఎందుకంటే ఈ నేల అడిగే ప్రశ్నలు ఏవీ గ్రూపుల ప్రకారం రావు. నీటి శుద్ధి గురించిన పుస్తకాల్లో ‘నల్గొండ టెక్నిక్’ అని ఒక మాట ఉంది. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన పద్ధతి అది: ఫ్లోరైడ్ ఉన్న నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, మడ్డి అడుక్కు దిగాక పై తేట తీసుకోవడం. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా విడిపోయేదాకా ఈ మూడు ఊళ్లూ నల్గొండవే. మిర్యాలగూడ ఇప్పటికీ నల్గొండదే. తమ జిల్లా పేరు ఒక జబ్బుకు విరుగుడుగా దేశదేశాల పుస్తకాల్లోకి ఎందుకు ఎక్కిందో అర్థం చేసుకోవాలంటే, ఫ్లోరైడ్ నీళ్లలోకి ఏ రాళ్ల నుంచి వస్తుందో చెప్పే భూగర్భ శాస్త్రం కావాలి. పటిక దాన్ని ఎలా పట్టుకుంటుందో చెప్పే రసాయన శాస్త్రం కావాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎందుకన్నదో, అంతకు మించితే పళ్లకూ ఎముకలకూ ఏమవుతుందో చెప్పే జీవశాస్త్రం కావాలి. పక్కనే కృష్ణ పారుతుండగా బోరు నీళ్లే తాగాల్సి రావడం వెనకున్న రాజకీయం, అర్థశాస్త్రం సరేసరి. ఈ ఐదింటిలో రెండింటికి మించి ఏ గ్రూపులోనూ దొరకవు.

వడ్ల సంగతీ అంతే. మిర్యాలగూడ రైస్ మిల్లులో లెక్కలు రాసే బీకాం కుర్రాడిని తీసుకోండి. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే వడ్లు వెనక్కి పోతాయి. సర్కారు వడ్లు మరపట్టి ఇచ్చే మిల్లు క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పజెప్పాలి. యాసంగి వడ్లు ఎండలకు పచ్చిగా పట్టిస్తే నూక ఎక్కువవుతుంది కాబట్టే ఇక్కడ ఉడకబెట్టి పట్టే పద్ధతి నిలదొక్కుకుంది. ఉప్పుడు బియ్యం ఇక తీసుకోబోమని కేంద్రం అన్నప్పుడు 2021-22లో హైదరాబాదుకూ ఢిల్లీకీ మధ్య నడిచిన గొడవంతా ఈ నూక చుట్టూ తిరిగిందే. అంటే ఆ కుర్రాడి లెడ్జరులోని ఒక్క గడిలో గింజ భౌతిక శాస్త్రం, వాతావరణం, కేంద్ర రాష్ట్ర సంబంధాలు మూడూ కూర్చున్నాయి. బీకాంలో అతనికి చెప్పింది ఆ గడిని కూడడం వరకే. 2024 సెప్టెంబరు మొదట్లో కుండపోత వానకు కోదాడ వైపు సాగర్ ఎడమ కాలువకు గండి పడినప్పుడు కూడా, కట్ట ఎందుకు తెగిందన్న ప్రశ్న ఇంజనీర్ల దగ్గర ఆగిపోయింది. ఆ నీళ్లతో పంట తీసేవాళ్ల పిల్లలు డిగ్రీలు చదివి కూడా దాన్ని అడగడం ఎలాగో తెలియని స్థితిలో ఉంటే, ఆ లోటు పిల్లలది కాదు.

విడి కోర్సు అనగానే ఇదేదో అమెరికా నుంచి దిగిన ఫ్యాషన్ అనుకునేవాళ్లున్నారు. మన దగ్గర అది పాత అలవాటే. టైపు ఇన్‌స్టిట్యూటుకు పోయి లోయరు, హయ్యరు పాసైన తరం ఒకటుంది; హిందీ ప్రచార సభ పరీక్షలు ఒక్కొక్కటే రాసుకుంటూ పండిట్లైన తరం ఒకటుంది. ఆ తర్వాత జాతీయ రహదారి పట్టుకుని 130 కిలోమీటర్ల పైచిలుకు పోయి, హైదరాబాదు అమీర్‌పేట హాస్టల్లో ఉండి, జావా ఒక్కటే నేర్చుకుని తిరిగొచ్చిన తరం. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో తెలుగునాటే పుట్టింది. ఇప్పటి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ అదే. దానికి తొలి వైస్ ఛాన్సలరు జి. రాంరెడ్డి, 1985లో ఇగ్నో పెట్టినప్పుడు అక్కడా తొలి వైస్ ఛాన్సలరుగా ఆయన్నే పిలిచారు. కాలేజీ గడప ఎక్కలేని వాళ్లకు డిగ్రీ చేతికందించింది ఆ బడి. దాని పక్కనే గోడల మీద ‘టెన్త్, ఇంటర్, డిగ్రీ వన్ సిట్టింగ్’ అనే రాతలూ వెలిశాయి. మూడేళ్ల చదువు ఒక్క కూర్చోడంలో అయిపోవడం కంటే, ఒక్క సబ్జెక్టు కోసం పన్నెండు వారాలు కూర్చోవడం నా లెక్కలో పెద్ద చదువు.

పన్నెండు వారాలని ఊరికే అనలేదు. ఐఐటీలూ బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ పాఠాల పథకం ఎన్‌పీటెల్ 2014 నుంచి సర్టిఫికెట్ కోర్సులు నడుపుతున్నది. 2017 జూలైలో కేంద్రం ‘స్వయం’ తెచ్చాక అవన్నీ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. పాఠాలకు రుసుము లేదు. వారం వారం అసైన్‌మెంటు ఉంటుంది, పన్నెండింటిలో మెరుగైన ఎనిమిదింటికి 25 మార్కులు. మిగతా 75 మార్కులు పరీక్ష కేంద్రానికి స్వయంగా పోయి రాయాల్సిన పరీక్షకు. దానికి మాత్రం డబ్బు కట్టాలి. రెండు భాగాల్లోనూ 40 శాతం వస్తే గట్టెక్కినట్టు, మొత్తం 90 వస్తే బంగారు ముద్ర. అసైన్‌మెంట్ల జవాబులు యూట్యూబులో దొరుకుతాయన్న సంగతి అందరికీ తెలుసు. అందుకే ఆ 75 మార్కుల భాగాన్ని నేను నమ్ముతాను, తక్కినదాన్ని అంతగా నమ్మను. ఇలా సంపాదించిన క్రెడిట్లను డిగ్రీలో కలుపుకోవచ్చని యూజీసీ 2016లో 20 శాతం దాకా, 2021లో 40 శాతం దాకా అనుమతిచ్చింది.

ఇక ఆక్షేపణలు. మొదటిది, మొదలుపెట్టినవాళ్లు పూర్తి చెయ్యరు అన్నది. నిజమే. హార్వర్డ్, ఎంఐటీ కోర్సుల లెక్కలు తీసి ఇద్దరు పరిశోధకులు 2019లో ‘సైన్స్’ పత్రికలో రాసిందాని ప్రకారం 2017-18లో చేరినవాళ్లలో చివరిదాకా నిలిచింది మూడు శాతం చిల్లర. కానీ బట్టల కొట్లో చీరలన్నీ కుప్ప పోయించి లేచిపోయేవాళ్లను కూడా గిరాకీలో కలిపి లెక్కేస్తే ఏ కొట్టు లెక్కయినా అలాగే తేలుతుంది. అదే పరిశోధనలో సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్ల వరకు చూస్తే 46 శాతం మంది పూర్తి చేశారు. దీన్నిబట్టి తేలేది చదువు పనికిరాదని కాదు. పరీక్ష ఫీజు కట్టాలని. ఆ వ్యాసంలోనే ఇంకో చేదు మాట ఉంది: చేరేవాళ్ల పెరుగుదల దాదాపుగా సంపన్న దేశాల్లోనే కనిపించింది. ఉచితం అన్నంత మాత్రాన కోదాడ పిల్లకు అందినట్టు కాదు.

రెండోది, అన్నిటినీ రుచి చూసినవాడికి ఏదీ ఒంటబట్టదన్నది. ఈ మాటలో బలముంది. ప్రతి సబ్జెక్టుకూ ఒక మెట్ల వరస ఉంటుంది. హెచ్ఈసీ చదివిన పిల్ల నేరుగా హైడ్రాలిక్స్ తెరిస్తే రెండో వారానికే మూసేస్తుంది. కానీ స్వయంలో ఐఐటీ పాఠాలే కాదు, ఎన్‌సీఈఆర్‌టీ, సార్వత్రిక పాఠశాల సంస్థ పెట్టిన తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా పాఠాలూ ఉన్నాయి. డిగ్రీ చేతిలో పెట్టుకుని పదకొండో తరగతి రసాయన శాస్త్రం దగ్గర కూర్చోవడానికి సిగ్గుపడనక్కర్లేదు. లోతు విషయానికొస్తే, అది తన గ్రూపు ఇవ్వాల్సింది. విడి కోర్సు ఇచ్చేది పక్క పొలం గట్టు దాకా పోయి చూసే వీలు. నూక ఎందుకవుతుందన్న ఒక్క ప్రశ్న పట్టుకుని దాని కోసం రెండు మూడు కోర్సులు ఎంచుకున్నవాడు రుచి చూస్తున్నాడనలేం, వండుకుంటున్నాడు. ప్రశ్న లేకుండా సర్టిఫికెట్లు పోగుచేసేవాళ్ల గురించైతే ఆక్షేపణ పూర్తిగా న్యాయం. దీంతో ఉద్యోగం వస్తుందా అని అడిగేవాళ్లకు సూటి జవాబు: ఒక్క కోర్సుతో రాదు.

ఇంగ్లీషు అడ్డంకి వేరు. 1968లో తెలుగు అకాడమీ పెట్టి డిగ్రీ పుస్తకాలు తెలుగులో తెచ్చుకున్న జాతి మనది. ఎన్‌పీటెల్ కూడా కొన్ని పాఠాలకు తెలుగు అనువాదాలు పెట్టింది, కానీ కావలసినన్ని లేవు. వీడియోను ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వినొచ్చు అన్నది కొంత ఊరట. క్లాసులో లెక్చరర్ని నాలుగుసార్లు ఆపే ధైర్యం ఎవరికుంది?

నన్ను నిజంగా ఇరకాటంలో పెట్టే ఆక్షేపణ చివరిది. 40 శాతం పాఠాలు తెర మీదే దొరికేటట్టయితే, ఖాళీ అయిన లెక్చరరు పోస్టును నింపడం ఎందుకని సర్కారు అనుకోదా? అనుకోవచ్చు. గెస్ట్ లెక్చరర్లతో నెట్టుకొచ్చే అలవాటు మన డిగ్రీ కాలేజీలకు ముందే ఉంది, దానికి ఇదొక సాకు దొరికినట్టవుతుంది. అందుకే ఈ కోర్సులు ఊళ్లో ఉన్న సబ్జెక్టుకు బదులుగా రాకూడదు, ఊళ్లో లేని సబ్జెక్టుగా రావాలి. కెమిస్ట్రీ చెప్పే మనిషి లేడని కెమిస్ట్రీ పిల్లలను తెర ముందు కూర్చోబెట్టడం మోసం. భూగర్భ శాస్త్రమే లేని కాలేజీలో కెమిస్ట్రీ పిల్లలు నలుగురు భూగర్భ శాస్త్రం చదవడం చదువు. ఆ నలుగురికీ ఒక మనిషి కావాలి, పాఠం చెప్పడానికి కాదు, ఈ వారం అసైన్‌మెంటు ఎంతవరకు వచ్చిందని అడగడానికి. ఎన్‌పీటెల్ కాలేజీల్లో లోకల్ చాప్టర్లనీ, మెంటర్లనీ పెట్టింది ఇందుకే. కోదాడ కేఆర్ఆర్, మిర్యాలగూడ కేఎన్ఎం లాంటి సర్కారు కాలేజీల్లో శనివారం సాయంత్రం ఒక గది, ఒక లెక్చరరు, పనిచేసే వైఫై ఉంటే దీనికి సరిపోతుంది.

స్వయంలో పాఠాలు ఏటా జనవరిలో, జూలైలో మొదలవుతాయి. ఈసారి జాబితా వచ్చినప్పుడు మీ సబ్జెక్టును పక్కనబెట్టి, పదిహేనేళ్ల వయసులో మీరు వదిలేసిన గ్రూపు పేజీ తెరిచి చూడండి. చేరడానికి పైసా అడగరు.