గీతలో నిలిచిన ఇల్లు

పుట్టి పెరిగిన ఇంటి బొమ్మ గీయమంటే మనం మామూలుగా వీధిలో నిలబడి చూసిన ఇల్లే గీస్తాం. పెంకుల కప్పు, అరుగు, రెండు రెక్కల తలుపు, పక్కన ఒక చెట్టు. అచ్చుబొమ్మల చిత్రకారిణి జరీనా హష్మీ అలా గీయలేదు. ఇంటి కప్పు తీసేసి పైనుంచి చూసి, ఒట్టి గోడలూ గదులూ గీశారు. 1994లో చేసిన ‘ఫాదర్స్ హౌస్ 1898–1994’ అనే ఎచింగ్‌లో ఉన్నది అలీగఢ్‌లో ఆమె పెరిగిన ఇంటి ప్లానే. ఎక్కడ ఏముండేదో ఉర్దూలో రాసి ఉంటుంది. నీడల్లేవు, రంగుల్లేవు, మనుషుల్లేరు. తాపీమేస్త్రీ చేతిలో ఉండే కాగితంలా కనబడుతుంది. కానీ దాని ముందు కాసేపు ఆగి చూడండి, కాళ్ళు వాటంతటవే లోపలికి నడుస్తాయి. ఇటు తిరిగితే ఈ గది, అది దాటితే ఆ గది. వీధిలోంచి గీసిన ఇల్లు మనల్ని వీధిలోనే నిలబెడుతుంది. ప్లాను లోపలికి రానిస్తుంది.

ఆ చూపు ఆమెకు ఊరికే అబ్బలేదు. జరీనా 1937లో అలీగఢ్‌లో పుట్టారు. తండ్రి అక్కడి ముస్లిం విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యులు. ఆమె అదే విశ్వవిద్యాలయంలో 1958లో గణితంలో పట్టా తీసుకున్నారు. చిత్రకళ కళాశాలలో చదువుకోలేదు. దౌత్య ఉద్యోగంలో ఉన్న భర్త వెంట బ్యాంకాక్ వెళ్ళి, అక్కడ చెక్క మీద బొమ్మ చెక్కి అచ్చు తీయడం నేర్చుకున్నారు. ఆ తర్వాత పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ అచ్చుశాల ‘అటెలియే 17’లోనూ, టోక్యోలోనూ ఆ పనికి పదును పెట్టుకున్నారు. ఢిల్లీలో ఉన్న రోజుల్లో గ్లైడర్ నడపడం కూడా నేర్చుకున్నారు. లెక్కలు చదివిన బుద్ధీ, ఆకాశంలోంచి నేలను చూసిన కళ్ళూ ఆ ప్లానుల్లో కలిశాయి.

ఆమె ఊళ్ళు తిరుగుతుండగానే, దేశవిభజన జరిగి దశాబ్దం దాటాక, తల్లిదండ్రులు కరాచీ వెళ్ళిపోయారు. సెలవులకు తిరిగి వెళ్ళడానికి అలీగఢ్‌లో ఇల్లు లేకుండా పోయింది. 1970ల నుంచి న్యూయార్క్‌లో స్థిరపడి, దశాబ్దాల పాటు అక్కడే కాగితం మీద ఆ ఇంటిని వెతుక్కున్నారు. 2020 జనవరి చివర్లో ఢిల్లీలోని కిరణ్ నాడార్ మ్యూజియంలో ఆమె పనులెన్నో ఒకచోట చేర్చి ‘జరీనా: ఎ లైఫ్ ఇన్ నైన్ లైన్స్’ అనే ప్రదర్శన పెట్టారు. ఆ మార్చిలో కరోనా వచ్చి దేశమంతా తలుపులు వేసుకుంది. ఏప్రిల్ 25న ఆమె లండన్‌లో కన్నుమూశారు. జీవితమంతా ఇంటి బొమ్మ చేసిన మనిషి వెళ్ళిపోయిన నాటికి లోకంలో సగం మంది ఇళ్ళలో ఉండిపోయారు, ఇంకెందరో ఇంటికి చేరే దారి కోసం చూస్తున్నారు.

తొమ్మిది గీతల్లో ఒక జీవితం అన్న ఆ ప్రదర్శన పేరు ఆమెకు సరిగ్గా సరిపోతుంది. ఒక చోటును గుర్తుంచుకోవడమంటే అక్కడ ఉన్నవన్నీ పోగుచేసుకోవడం అనుకుంటాం. జరీనా తీసేస్తూ పోయారు. ఏది తీసేస్తే ఇల్లు ఇల్లు కాకుండా పోతుందో అక్కడ ఆగారు. చెక్క అచ్చు పనిలో ఉన్నదే అది. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్ళను చూసినవారికి ఇది చెప్పనక్కర్లేదు. టేకు చెక్క మీద పువ్వు గీసుకుని, పువ్వు కాని చోటంతా ఉలితో తవ్వేస్తారు. ఎత్తుగా మిగిలిన భాగానికే రంగు అంటుతుంది. బట్ట మీద పడేది అదే.

2001లో చేసిన ‘డివైడింగ్ లైన్’ అనే చెక్క అచ్చును ఈ సంగతి మనసులో పెట్టుకుని దగ్గరగా చూడాలి. కాగితం మీద పైనుంచి కిందికి వంకరటింకరగా దిగిన నల్లటి గీత ఒకటి ఉంటుంది. అది భారత పాకిస్తాన్ సరిహద్దు. దాని పక్కన ఊరి పేరు లేదు, నది లేదు, దేశం పేరు కూడా లేదు. 1947లో బ్రిటిష్ న్యాయవాది సిరిల్ రాడ్‌క్లిఫ్ అంతకుముందెన్నడూ అడుగుపెట్టని దేశానికి వచ్చి, సుమారు ఐదు వారాల్లో ఆ గీత గీసి వెళ్ళాడు. ఆయనకు అది కలంతో అయిపోయిన పని. జరీనాకు అలా కుదరదు. చెక్క మీద ఆ గీత నిలవాలంటే దానికి ఇటూ అటూ ఉన్న నేలంతా వేలెడు వేలెడు చొప్పున తవ్వి పారేయాలి. ఉలికి పూర్తిగా దొరకని చెక్క అంచులు తెల్లటి కాగితం మీద అక్కడక్కడ నల్లటి నలుసులుగా పడ్డాయి. రెండు వైపులా ఏమేం పోతే ఆ ఒక్క గీత మిగిలిందో చేతికి తెలిసేలా చేసిన బొమ్మ అది. విభజన మీద నేను చదివిన లావుపాటి పుస్తకాలు కొన్ని ఆ కాగితమంత బరువు లేవు.

1999 నాటి ‘హోమ్ ఈజ్ ఎ ఫారిన్ ప్లేస్’ ఆమె పనుల్లో అందరికీ బాగా తెలిసినది. 36 చెక్క అచ్చులు. ఒక్కో దాని మీద ఒక్కో ఉర్దూ మాట, దానితో పాటు నాలుగు గీతల్లో దాని రూపు. ఇల్లు, గడప, తలుపు, గోడ మొదలుకుని వడగాలి, వాన, దూరం, సరిహద్దు దాకా. వడగాలి కూడా ఇంట్లో భాగమేనని ఆమెకు తెలుసు. ఎండాకాలం మధ్యాహ్నం పెద్దవాళ్ళంతా కునుకు తీస్తుంటే, చప్పుడు చేయకుండా వాకిట్లోకి జారుకుని కాళ్ళు కాల్చుకున్న పిల్లలందరికీ తెలుసు. ఇంటిని అమ్మితే గోడలు పోతాయి. ఆ మధ్యాహ్నాన్ని ఏ దస్తావేజులోనూ రాసి ఇవ్వలేం. ఆమె ఆ రాయలేనిదాన్నే అచ్చుకెక్కించారు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టి నిలిపేది 2004 నాటి ‘లెటర్స్ ఫ్రమ్ హోమ్’. కరాచీలో ఉన్న అక్క రాణి, జరీనాకు ఉర్దూలో ఉత్తరాలు రాసి పోస్టు చేయకుండా దాచుకుంది. అమ్మానాన్నలు పోవడం, ఇల్లు అమ్మేయడం, ఒంటరితనం. దూరాన ఉన్న చెల్లెలిని కష్టపెట్టడం ఇష్టం లేక రాసినవి రాసినట్టే ఉంచుకుంది. ఏళ్ళ తర్వాత అవన్నీ జరీనా చేతికొచ్చాయి. ఆమె ఆ చేతిరాతను యథాతథంగా అచ్చుకెక్కించి, దాని మీద ఇంటి ప్లానులూ, ఊళ్ళ పటాలూ వేశారు. ఒక కాగితం మీద రాణి రాసిన వరుసల నడుమ ఒక ఇంటి ఆకారం నల్లగా కూర్చుని, కింద ఉన్న అక్షరాలను మింగేసింది. ఉర్దూ వచ్చినవాళ్ళు కూడా ఆ ఉత్తరం పూర్తిగా చదవలేరు. అక్క దాచుకున్న దుఃఖాన్ని లోకానికి చూపిస్తూనే, దాని మర్యాదను కాపాడిన చెల్లెలు ఆమె. హైదరాబాద్ పాతబస్తీలో అటు కరాచీలో అక్కచెల్లెళ్ళున్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. వీసా దొరక్క పెళ్ళిళ్ళకూ చావులకూ వెళ్ళలేకపోయినవాళ్ళకు ఈ బొమ్మ ఎవరూ వివరించనక్కర్లేదు.

సొంత ఇంటి దగ్గరే ఆగిపోయి ఉంటే ఆమెను ఇంతగా తలుచుకునేదాన్ని కాదేమో. 2003లో చేసిన తొమ్మిది అచ్చుల వరుసలో ఆమె చెరిగిపోయిన ఊళ్ళను పక్కపక్కన పెట్టారు. సరాయెవో, బేరూత్, బాగ్దాద్, కాబూల్, అహ్మదాబాద్. న్యూయార్క్‌ను రెండే రెండు నిలువు గీతల్లో చెప్పారు. ఒకరి ఇల్లు పోవడం అంటే ఏమిటో తెలిసిన చెయ్యి ఇంకొకరి ఊరిని గుర్తుపట్టింది. తన బాధను తనదిగానే దాచుకుని కూర్చుంటే అది పగగా మారే ప్రమాదం ఉంది. జరీనా దాన్ని కొలతగా మార్చారు. ఆ కొలతతో మిగతా వాళ్ళకు పోయినదెంతో చూశారు.

అచ్చుకు ఇంకో పెద్ద గుణం ఉంది. ఒకే దిమ్మ నుంచి ఎన్నో ప్రతులు తీయవచ్చు. అలీగఢ్ ఇల్లు ఒక్కటే, అది పోయింది. ఆమె చెక్కిన అచ్చులు న్యూయార్క్‌లోని మోమా, మెట్రోపాలిటన్ మ్యూజియంలలోనూ, లండన్‌లోని టేట్‌లోనూ, ఢిల్లీలోనూ ఉన్నాయి. ఒకచోట పోయిన ఇల్లు ఇన్నిచోట్ల నిలబడింది. ఏ సరిహద్దు కాపలావాడూ ఆపలేని పలుచటి కాగితం మీద నిలబడింది.

ఆమె అచ్చులు చూసినప్పుడల్లా నాకు శ్రీశైలం జలాశయం కింద మునిగిన పల్లెలు గుర్తొస్తాయి. ఆ నీళ్ళు రాకముందు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి తెచ్చి ఆలంపురంలో మళ్ళీ కట్టారు. గొప్ప పని, చేయవలసిన పని. కానీ ఆ గుడి చుట్టూ బతికిన వాళ్ళ ఇళ్ళను ఎవరూ విప్పి తేలేదు. నష్టపరిహారం లెక్కల్లో అవి గజాలుగా, రూపాయలుగా మిగిలాయి. పొయ్యి ఏ మూలన ఉండేదో, కాన్పు ఏ గదిలో జరిగేదో, బావి దగ్గరకు ఏ తలుపు తెరుచుకునేదో ఆ లెక్కల్లో లేదు. అది ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ళు దాటిన కొందరు అవ్వల తలల్లో మాత్రమే ఉంది.

దాన్ని కాగితం మీదకు తేవడానికి చిత్రకారులే కానక్కర్లేదు. జరీనా మనకిచ్చి వెళ్ళిన ధైర్యం అది. ఆ అవ్వలకు ఒక తెల్ల కాగితం, ఒక పెన్సిల్ ఇచ్చి ఆ ఇల్లు పైనుంచి గీయమని అడగాలి. చెయ్యి వణికినా పర్వాలేదు, గోడ వంకరపోయినా పర్వాలేదు. వంటింటి తలుపు తూర్పుకా ఉత్తరానికా అని అక్కాచెల్లెళ్ళు గొడవపడితే మరీ మంచిది, ఆ గొడవలోంచే ఇంకో రెండు గదులు బయటికొస్తాయి. ఫొటోల్లేని ఇళ్ళకు, పటాల్లో లేని ఊళ్ళకు అదే రికార్డు. గీయగలిగినవాళ్ళు మన మధ్య ఉండగానే గీయించుకోవాలి.