బయ్యారం వాకిట్లో చైన్ సెట్టు

బయ్యారం దారుల్లో దుమ్ము ఎర్రగా లేస్తుంది. ఇనుప రాయి ఉన్న నేల. అప్పట్లో బయ్యారం ఉన్న ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టడానికి వీలుందో లేదో ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ పరిశీలించాలని 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలో రాసినప్పటి నుంచి ఈ ఊరి పేరు వార్తల్లో నలుగుతూనే ఉంది. 2016లో మండలం మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది, కర్మాగారం మాత్రం రాలేదు. దుమ్ము సంగతికొస్తే, ఇక్కడి బండ్ల చైన్లకు అదే మొదటి శత్రువు. ఆయిల్ పూసిన చైన్ మీద పడి, సానపట్టే ముద్దలా మారి, పిన్నులనూ స్ప్రాకెట్ పళ్లనూ అరగదీస్తుంది.

కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన ధర్మకీర్తి సముద్రమే నేటి బయ్యారం పెద్దచెరువు. ఆమె వేయించిన శాసనం కాకతీయుల వంశక్రమానికి ముఖ్యమైన ఆధారం. ఆ చెరువు వైపు పోయే దారిలో ఒక రైతు వాకిట్లో స్ప్లెండర్ బండి విప్పుతుంటే మేం ఆగాం. ఎండాకాలం దుమ్ము, వానాకాలం గట్ల మీద బురద, ఏడాది పొడవునా మూటలు మోసిన బండి అది. చైన్ కవర్ ఎప్పుడో విరిగిపోయింది. పని చేస్తున్నది ఆయన తమ్ముడి కొడుకు, మెకానిక్ షాపులో పని నేర్చినవాడు.

“గీ ముందు స్ప్రాకెట్ ఒక్కటి మారిస్తే సాలదా కొడుకా?” అన్నాడు రైతు.

“సాలదు పెద్దనాయినా. పాత చైన్ కొత్త పండ్లను తినేస్తది.”

కుర్రాడు చెప్పింది అక్షరాలా నిజం. ముందున్న చిన్న స్ప్రాకెట్‌కు 14 పళ్లు, వెనక దానికి 42 ఉన్నాయనుకుందాం. వెనక చక్రం ఒకసారి తిరిగితే ముందుది మూడుసార్లు తిరగాలి. 18 అంగుళాల చక్రం కిలోమీటరుకు సుమారు 530 చుట్లు తిరుగుతుంది. అంటే ముందు స్ప్రాకెట్ 1,600 చుట్లకు దగ్గర. అందుకే ముందుగా అరిగేది అదే. పళ్లు ఒకవైపుకు వంగి కొక్కెంలా తయారవుతాయి. ఈలోగా చైన్ కూడా సాగుతుంది. ఇలాంటి బండ్లకు వాడే 428 చైన్‌లో ఒక పిన్ను నుంచి మరో పిన్నుకు 12.7 మిల్లీమీటర్లు. 20 లింకులు కొలిస్తే 254 రావాలి. 259 వచ్చిందంటే ఆ చైన్ పని అయిపోయినట్టే. సాగిన చైన్ కొత్త పళ్ల మధ్య సరిగ్గా కూర్చోదు, వాటినీ పాడుచేస్తుంది. కాబట్టి చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్టుగా మార్చడమే లాభం.

ఇంటి దగ్గర చేయలేనంత పని కాదిది. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి, గేర్ రాడ్ విప్పేముందు అది ఏ స్థానంలో ఉందో షాఫ్ట్ మీద రంగు చుక్క పెట్టాడు కుర్రాడు. ఆ చుక్క లేకపోతే తర్వాత గేర్ రాడ్ కాలికి అందని ఎత్తులో బిగుసుకుంటుంది. ఇంజిన్ పక్కనున్న కవర్ తీస్తే లోపల గ్రీజూ ఎర్రమట్టీ కలిసి గట్టిగా పేరుకుని ఉన్నాయి. స్క్రూడ్రైవర్‌తో గీకి, కిరోసిన్ గుడ్డతో తుడిచాక గానీ బోల్టులు కనిపించలేదు.

చైన్ ఇంకా ఊడదీయలేదు. వెనక బ్రేకు తొక్కి పట్టుకోమని పెద్దనాయినకు చెప్పి, 10 నంబర్ స్పానర్‌తో ముందు స్ప్రాకెట్ రెండు బోల్టులూ వదులు చేశాడు. వరుస తప్పకూడదు: చైన్ ముందే తీసేస్తే స్ప్రాకెట్‌ను పట్టి ఆపేది ఏదీ ఉండదు. బోల్టులు వచ్చాక బిగింపు ప్లేటును కొద్దిగా తిప్పితే షాఫ్ట్ గాడులకు సరిపడి జారి వస్తుంది. బుల్లెట్ లాంటి బండ్లకు ఇక్కడ పెద్ద నట్టు, దానికి మడత వాషర్ ఉంటాయి. ఆ మడత విప్పకుండా బలవంతంగా తిప్పితే మరలు పోతాయి. స్ప్రాకెట్ వెనకున్న ఆయిల్ సీల్ దగ్గర తడి ఉందేమో చూసి, కొత్త దాని పళ్లు లెక్కపెట్టి, పాతదాని పక్కన పెట్టి పోల్చాకే ఎక్కించాడు. 14కు బదులు 15 వేస్తే వేగం కాస్త పెరుగుతుంది గానీ లాగుడు ఏడు శాతం దాకా తగ్గుతుంది. మూటలు మోసే బండికి అది నష్టమే.

వెనక చక్రం తీసి పెద్ద స్ప్రాకెట్ మార్చడం ఎక్కువ సేపు పట్టింది. చివరకు కొత్త చైన్ కలిపి, లాక్ క్లిప్పు మూసి ఉన్న వైపు చైన్ కదిలే దిశకు పెట్టాడు. తిరగేస్తే ఏ కంపకో తగిలి ఊడిపోతుంది. రెండువైపులా అడ్జస్టర్ గీతలు ఒకేలా ఉన్నాయా అని చూసి, చైన్ మధ్యలో వేలితో ఎత్తి దించాడు. 20 నుంచి 30 మిల్లీమీటర్ల దాకా ఊగాలి. చక్రాన్ని చేత్తో తిప్పుతూ అన్నిచోట్లా చూసి, బాగా బిగువుగా ఉన్న చోట లెక్క తీసుకోవాలి.

ఈ రోలర్ చైన్‌కు మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ పేటెంటు తీసుకున్నది 1880లో. ఇన్నేళ్లయినా దానికి కావలసింది శుభ్రత, ఆయిల్, సరైన బిగువు.

ఇంట్లో ఈ పని మొదలుపెట్టే ప్రతి ఒక్కరికీ ఒక మనవి. ఇంజిన్ ఆన్ చేసి, గేరులో చక్రం తిరుగుతుండగా చైన్ తుడవొద్దు, ఆయిల్ రాయొద్దు. గుడ్డతో పాటు వేళ్లు కూడా స్ప్రాకెట్‌లోకి పోతాయి. తాళంచెవి తీసి జేబులో వేసుకుని, చక్రాన్ని చేత్తోనే తిప్పండి.